కొత్తవాళ్లకి మెయిన్స్ కరెంటు పని నేర్పడం ఎలా?

"బ్యాటరీతో ఎల్‌ఈడీలు వెలిగించడం అయిపోయింది, ఇప్పుడు రిలే పెట్టి ఇంట్లో బల్బు వెలిగిస్తానంటున్నాడు. ఒప్పుకోవాలా వద్దా?" ఇలా అడిగేవాళ్లలో పిల్లల తల్లిదండ్రులున్నారు, ల్యాబులో జూనియర్లకి నేర్పే సీనియర్లున్నారు, రిపేరు పనికి కొత్త కుర్రాణ్ణి పెట్టుకున్నవాళ్లూ ఉన్నారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పేకన్నా ఒకచోట రాసిపెడితే మేలనిపించింది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. కొత్తవాళ్లకి "కరెంటుతో జాగ్రత్త" అని చెప్పడం వల్ల పెద్దగా ఒరిగేది లేదు. ఆ సంగతి వాళ్లకి చిన్నప్పటి నుంచీ తెలుసు. వాళ్లకి రావాల్సింది ఒక చేతి అలవాటు. ఏ వైరు మీదైనా వేలు పెట్టే ముందు అందులో కరెంటు లేదని పరికరంతో చూడాలి, ఆ పరికరం సరిగ్గా పనిచేస్తోందో లేదో కూడా చూడాలి. "ఆఫ్ చేశాను" అన్నది వేరు, "లేదని చూశాను" అన్నది వేరు. కింద రాసిన మెట్లన్నీ ఈ ఒక్క అలవాటు కోసమే.

ఇది ప్లగ్గు పెట్టి వాడే వస్తువులకీ, బల్ల మీద పెట్టుకునే ప్రాక్టీసు బోర్డుకీ మాత్రమే పనికొస్తుంది. గోడలోని వైరింగు, మెయిన్ బోర్డు చాలా దేశాల్లో లైసెన్సున్నవాళ్లే ముట్టుకోవాలి. మీకు ఆ లైసెన్సు లేకపోతే వాటిని నేర్పడానికి దిగకండి. లెక్కలు 230 వోల్టులు, 50 హెర్ట్జ్ సప్లైకి రాస్తున్నాను. 120 వోల్టులుండే దేశాల్లో అంకెలు మారతాయి గానీ పద్ధతి అదే.

ఏమేం కావాలి

- 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే వెంటనే సప్లై తెంచే స్విచ్చు. కొందరు దీన్ని ఇంకా ఈఎల్‌సీబీ అనే పిలుస్తారు. ఇది లేకుండా మెయిన్స్ పాఠం మొదలుపెట్టకండి. ఇంటి బోర్డులో లేకపోతే, ఆర్‌సీడీ (ఇదీ అదే పని చేస్తుంది) బిగించి ఉన్న ఎక్స్‌టెన్షన్ బోర్డు దొరుకుతుంది, అదైనా వాడండి.
- ప్రాక్టీసు బోర్డు: ఒక ఎంసీబీ (లోడు ఎక్కువైతే దానంతటదే పడిపోయే స్విచ్చు), ఒక స్విచ్చు, ఒక హోల్డరు, ఒక సాకెట్టు. మూత పెట్టగలిగే పెట్టెలో ఉండాలి.
- 12 వోల్టుల అడాప్టరు రెండు, 1 ఆంపియర్ ఫ్యూజు, 12 వోల్టుల బల్బు, బజరు. కారు బ్యాటరీ వద్దు. అది షార్ట్ అయితే వైర్లు ఎర్రగా కాలతాయి.
- మల్టీమీటరు. దాని మీద క్యాట్ 3, 600 వోల్టులు అని (మూడు రోమన్ అంకెలో ఉంటుంది) రాసి ఉండాలి. ప్రోబుల మీద కూడా అదే రేటింగు ఉండాలి. ఈ రేటింగు లేని నాసిరకం మీటర్లు బ్యాటరీ పనికి చాలు, మెయిన్స్‌కి వద్దు.
- రెండు ప్రోబుల వోల్టేజి టెస్టరు, ఉంటే మంచిది.
- పిడి మీద 1000 వోల్టుల గుర్తున్న స్క్రూ డ్రైవర్లు, కటింగ్ ప్లయరు. పిడికి టేపు చుట్టినవి లెక్కలోకి రావు.
- ఇన్సులేషన్ ఉన్న క్రొకడైల్ క్లిప్పులు.
- సిరీస్ ల్యాంపు (పరీక్షించే వస్తువుకి కరెంటు తన గుండానే వెళ్లేలా కలిపే బల్బు): 100 వాట్ల ఫిలమెంటు బల్బుతో. ఎల్‌ఈడీ బల్బు దీనికి పనికిరాదు.
- ఎంసీబీకి పెట్టే తాళం, "పని జరుగుతోంది, ఆన్ చేయవద్దు" అని రాసిన చీటీ.
- పొడి నేల, పొడి చెప్పులు, మంచి వెలుతురు. ఉంగరాలు, గొలుసు, వాచీ తీసి పక్కన పెట్టాలి.

ఆర్‌సీసీబీ మీద టెస్ట్ బటన్ ఉంటుంది. పాఠం మొదలయ్యే ముందు ప్రతిసారీ అది నొక్కి, ట్రిప్ అవుతోందో లేదో చూడండి. బటన్ నొక్కితే లోపలి యంత్రం కదులుతోందని మాత్రమే తెలుస్తుంది. ఎర్తింగ్ బాగుందనడానికి అది రుజువు కాదు.

1. ముందు కాపాడటం నేర్పండి

ఈ భాగాన్ని చాలామంది చివరికి నెట్టేస్తారు, టైము లేక వదిలేస్తారు కూడా. నేనైతే దీంతోనే మొదలుపెట్టమంటాను. కారణం ఏమిటంటే, షాక్ కొట్టేది మీకే అయితే మిమ్మల్ని కాపాడాల్సింది ఆ కొత్త మనిషే.

నేర్చుకునేవాడి చేత ఇవి నిజంగా చేయించండి, మాటలతో సరిపెట్టకండి:

- మెయిన్ ఎక్కడుందో చూపించి, ఉన్నచోటు నుంచి నడిచి వెళ్లి ఆఫ్ చేయమనండి. దారిలో కుర్చీలు, పెట్టెలు అడ్డం ఉంటే అప్పుడే తీయించండి.
- షాక్ తగిలిన మనిషిని ముట్టుకోకుండా ముందు కరెంటు తీయాలి. తీయలేకపోతే పొడి కర్ర, ప్లాస్టిక్ కుర్చీ లాంటి వాటితో విడదీయాలి. ఇది ఇంటి సప్లైకి మాత్రమే. పైన వెళ్లే హైటెన్షన్ లైను తగిలితే కర్ర కూడా కాపాడదు, దూరంగా ఉండి కరెంటు శాఖకి ఫోన్ చేయాలి.
- మనిషి పలకకుండా, మామూలుగా ఊపిరి తీసుకోకుండా ఉంటే ఎమర్జెన్సీ నంబరుకి ఫోన్ చేసి సీపీఆర్ మొదలుపెట్టాలి. ఛాతీ మధ్యలో, పెద్దవాళ్లకైతే 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతుకి, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలి. దిండు మీద ప్రాక్టీసు చేయిస్తే వేగం అర్థమవుతుంది. దగ్గర్లో సీపీఆర్ శిక్షణ ఇస్తుంటే ఇద్దరూ వెళ్లండి.
- మంట వస్తే నీళ్లు చల్లకూడదు. కరెంటు తీసి, కార్బన్ డయాక్సైడ్ లేదా పొడి రకం సిలిండరు వాడాలి.

షాక్ తగిలి "ఏం కాలేదు, బాగానే ఉన్నా" అన్నా సరే, స్పృహ తప్పినా, ఛాతీలో దడగా ఉన్నా, చర్మం కాలినా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. బయట చిన్న మచ్చ కనిపిస్తూ లోపల కండరం కాలిపోయి ఉండవచ్చు.

2. థియరీ: ఈ కాసిని అంకెలు చాలు

పది నిమిషాల్లో తేల్చేయండి. చేతిలోంచి సుమారు 1 మిల్లీ ఆంపియర్ పోతే చిమచిమలాడుతుంది. 10 దగ్గర కండరాలు బిగుసుకుని పట్టుకున్న వైరుని వదలలేకపోవచ్చు. 30 దాటి కాసేపు కొనసాగితే గుండె లయ తప్పే ప్రమాదం మొదలవుతుంది.

ఇప్పుడు లెక్క వాళ్లనే వేయమనండి. ఒక చేతి నుంచి మరో చేతికి శరీరం నిరోధం ఈ వోల్టేజి దగ్గర సుమారు 1000 నుంచి 2000 ఓములు. 230ని 1000తో భాగిస్తే 0.23 ఆంపియర్లు, అంటే 230 మిల్లీ ఆంపియర్లు. చేతులు తడిగా ఉంటే ఇంకా ఎక్కువ.

ఆ వెంటనే అడగండి: "బోర్డులో 6 ఆంపియర్ల ఎంసీబీ ఉంది. అది పడిపోతుందా?" పడదు. దానికి 230 మిల్లీ ఆంపియర్లు ఒక చిన్న బల్బు లోడు కిందే లెక్క. ఎంసీబీ వైరుని కాపాడుతుంది, మనిషిని కాదు. మనిషి కోసం ఉన్నది ఆర్‌సీసీబీ. 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకి అది 0.3 సెకన్ల లోపు, 150కి 0.04 సెకన్ల లోపు తెగాలి.

అయితే ఆర్‌సీసీబీ ఉందన్న ధీమా ఇంకో తలనొప్పి. తెగేలోపు షాక్ తగలక మానదు. నిచ్చెన మీద ఉంటే ఆ అదురుకే కింద పడతారు. పైగా ఒక చేత్తో ఫేజు, మరో చేత్తో న్యూట్రల్ పట్టుకుంటే దాని దృష్టిలో మీరూ ఒక బల్బే. వెళ్లిన కరెంటు, తిరిగొచ్చిన కరెంటు సమానంగా ఉంటాయి కాబట్టి అది కదలదు. ఈ ఒక్క విషయం అర్థమైతే, పని చేసేటప్పుడు రెండో చెయ్యి ఎందుకు దూరంగా ఉంచాలో విడిగా చెప్పనక్కర్లేదు.

3. 12 వోల్టుల మీద మొత్తం తంతు చేయించండి

ప్రాక్టీసు బోర్డుకి మెయిన్స్ బదులు 12 వోల్టులు ఇవ్వండి. మెయిన్స్‌కి అడాప్టరు తప్ప ఇంకేదీ తగలకూడదు. నేర్చుకునేవాడు దీన్ని 230 వోల్టులే అనుకుని పని చేయాలి. హోల్డరు మార్చడం, స్విచ్చు మార్చడం లాంటి చిన్న పని ఇవ్వండి. వరస ఇదీ:

1. ఏం చేయబోతున్నాడో పైకి చెప్పాలి: "హోల్డరు మారుస్తున్నాను, సప్లై ఎడమవైపు ప్లగ్గు నుంచి వస్తోంది."
2. స్విచ్చు ఆఫ్ చేసి, ప్లగ్గు పీకి, తన కళ్లెదుట బల్ల మీద పెట్టుకోవాలి. ప్లగ్గు లేని చోట ఎంసీబీ దించాలి.
3. ఎంసీబీకి తాళం వేసి, చీటీ తగిలించి, తాళంచెవి జేబులో వేసుకోవాలి. పాత రకం ఫ్యూజైతే ఫ్యూజు క్యారియరు పీకి జేబులో పెట్టుకోవాలి.
4. కరెంటు కచ్చితంగా ఉన్న మరో చోట మీటరు పెట్టి, అది రీడింగ్ చూపిస్తోందని చూడాలి.
5. అదే మీటరుతో, అదే సెట్టింగులో, పని చేసే చోట మూడు జతలూ చూడాలి: ఫేజు–న్యూట్రల్, ఫేజు–ఎర్త్, న్యూట్రల్–ఎర్త్.
6. మళ్లీ నాలుగో పని చేయాలి. మీటరు ఇంకా బతికే ఉందా?
7. అప్పుడు చెయ్యి పెట్టాలి.

ఆరోది అందరూ ఎగరగొడతారు. "ఇప్పుడేగా చూశాం" అంటారు. మధ్యలో మీటరు బ్యాటరీ అయిపోవచ్చు, ప్రోబు వైరు లోపల తెగి ఉండవచ్చు, ఆటో ఆఫ్ అయి ఉండవచ్చు. ఏ మాత్రం రాజీ పడకండి. ఒక్కటి వదిలేసినా మొదటి నుంచి చేయించండి. విసుక్కుంటారు, విసుక్కోనివ్వండి.

12 వోల్టుల డీసీ వాడుతున్నప్పుడు మీటరు డీసీలో ఉంటుంది. మెయిన్స్‌కి వెళ్లేటప్పుడు ఏసీకి మార్చాలి. మార్చడం మరచిపోతే 230 వోల్టుల మీద కూడా అది దాదాపు సున్నా చూపిస్తుంది. నాలుగో పని ఎందుకో వాళ్లకి బాగా ఎక్కేది ఇక్కడే. ఆర్‌సీసీబీ ఉన్న సాకెట్టులో మీరే ప్రోబులు పెట్టి, డీసీ సెట్టింగులో ఆ సున్నా చూపించండి, ఆ తర్వాత ఏసీకి తిప్పి 230 చూపించండి.

4. దొంగ సప్లై పరీక్ష

ఇది మొత్తం గైడులో నాకు అన్నిటికన్నా ఇష్టమైన మెట్టు. రెండో 12 వోల్టుల అడాప్టరుని బోర్డు వెనక నుంచి, వాళ్లకి తెలియకుండా, ఫ్యూజు ద్వారా అదే హోల్డరుకి కలపండి. బజరుని ఆ రెండో అడాప్టరు నెగటివ్ వైరుకీ, వాళ్లు వాడే స్క్రూ డ్రైవరు లోహానికీ మధ్య ఉండేలా అమర్చండి. కరెంటు ఉండగా హోల్డరు ఫేజు స్క్రూకి స్క్రూ డ్రైవరు తగిలితే అది మోగాలి. ఇప్పుడు ఎప్పటిలాగే పని ఇవ్వండి.

మొదటి ప్లగ్గు పీకి, ఐదో పని వదిలేసి, స్క్రూ డ్రైవరు పెట్టగానే బజరు మోగుతుంది. ఇంక మీరేం లెక్చరు ఇవ్వనక్కర్లేదు.

ఇది ఉత్త ఆట కాదు. నిజం ఇళ్లలో రెండో సప్లై ఇలాగే దాక్కుని ఉంటుంది. మెయిన్ ఆఫ్ చేసినా ఇన్వర్టరు కొన్ని పాయింట్లకి కరెంటు ఇస్తూనే ఉంటుంది. యూపీఎస్ వెనక సాకెట్లు, జనరేటరు, సోలార్ ఇవన్నీ అంతే. స్విచ్చుని పొరపాటున న్యూట్రల్ మీద బిగించిన చోట బల్బు ఆరిపోతుంది, హోల్డరులో ఫేజు మాత్రం అలాగే ఉంటుంది. రెండు సర్క్యూట్లు ఒకే న్యూట్రల్ పంచుకుంటే, ఒక ఎంసీబీ దించినా న్యూట్రల్ విప్పగానే దాని చివర కరెంటు తేలుతుంది.

హెచ్చరిక: ఈ పరీక్ష 12 వోల్టుల మీద మాత్రమే. మెయిన్స్ మీద "చూద్దాం, కనిపెడతాడో లేదో" అనే ఆట ఎప్పుడూ ఆడకండి.

వరసగా కొన్ని పాఠాల్లో, మీరు చెప్పకుండానే, ఏడు పనులూ చేస్తుంటే ముందుకి వెళ్లండి. ఎన్ని పాఠాలు అని అడగకండి. కొందరికి రెండు రోజులు, కొందరికి నెల.

5. టెస్టరుని ఎంతవరకు నమ్మాలి

నియాన్ స్క్రూ డ్రైవరు టెస్టరు అందరి జేబులోనూ ఉంటుంది, అందరూ నమ్ముతారు. కొత్తవాళ్లకి దాన్ని "కరెంటు ఉంది" అని చెప్పే పరికరంగా మాత్రమే నేర్పండి. "కరెంటు లేదు" అని చెప్పే అర్హత దానికి లేదు. పట్టపగలు ఎండలో వెలిగినా కనపడదు. ఎండిన చెక్క నిచ్చెన మీద, రబ్బరు చెప్పులతో ఉంటే మసకగా వెలుగుతుంది. లోపలి రెసిస్టరు పాడైతే అదే షాక్ కొట్టవచ్చు. వైరు ముట్టుకోకుండా బీప్ అనే పెన్ను టెస్టరుదీ ఇంచుమించు అదే కథ. లోహపు గొట్టంలో ఉన్న వైరుని అది పట్టలేదు.

ఇంకో చిక్కు. "ప్లగ్గులో రెండు రంధ్రాల్లోనూ టెస్టరు వెలుగుతోంది, కానీ ఏదీ పనిచేయడం లేదు" అంటారు. చాలాసార్లు న్యూట్రల్ ఎక్కడో తెగి ఉంటుంది. ఆన్‌లో ఉన్న బల్బో ఫ్యానో ద్వారా ఫేజు న్యూట్రల్ వైరులోకి వచ్చి చేరుతుంది. వస్తువు చచ్చిపోయినట్టు కనిపిస్తుంది, రెండు వైర్లూ షాక్ కొడతాయి.

డిజిటల్ మీటరుకి ఉన్న జబ్బు దీనికి తలకిందులు. ఎక్కడా కలపని వైరు మీద కూడా 40, 60, 80 వోల్టులు చూపిస్తుంది. పక్కనే లైవ్ వైరు పోతుంటే అలా వస్తుంది. దీన్ని చూసి కొత్తవాళ్లు రెండు తప్పుల్లో ఒకటి చేస్తారు: టెన్షన్ పడి ఆపేస్తారు, లేదా "అది ఊరికే చూపిస్తుందిలే" అని అలవాటు పడిపోతారు. రెండోదే ప్రమాదం. అనుమానం వస్తే రెండు ప్రోబుల టెస్టరుతోనో, మీటరులో లో–జెడ్ (తక్కువ నిరోధంతో కొలిచే) సెట్టింగు ఉంటే దాంతోనో చూడమనండి. ఉత్తుత్తి వోల్టేజి అయితే పడిపోతుంది. పడకపోతే అది నిజం కరెంటే.

మీటరు పెట్టే ముందు ఎర్ర ప్రోబు ఏ రంధ్రంలో ఉందో గట్టిగా చదివి చెప్పించండి. నిన్న ఎవరో ఆంపియర్లు కొలిచి 10 ఆంపియర్ల రంధ్రంలోనే వదిలేస్తే, ఈరోజు సాకెట్టులో పెట్టగానే అది సూటిగా షార్ట్. మంచి మీటరులో ఫ్యూజు పోతుంది, చవక మీటరు చేతిలోనే పేలుతుంది.

వైరు రంగుని నమ్మవద్దని కూడా ఇక్కడే చెప్పండి. చాలా దేశాల్లో గోధుమ రంగు ఫేజు, నీలం న్యూట్రల్, ఆకుపచ్చ–పసుపు చారలది ఎర్త్. పాత వైరింగుల్లో ఎరుపు ఫేజు, నలుపు న్యూట్రల్. ఉత్తర అమెరికాలో నలుపే ఫేజు, తెలుపు న్యూట్రల్. వీటన్నిటికీ మించి, వైరింగు చేసినరోజు చేతికి దొరికిన రంగు ఉండనే ఉంది.

6. మొదటి మెయిన్స్ పని: కరెంటు లేకుండా

మూడు పిన్నుల ప్లగ్గు బిగించడం ఇవ్వండి. ఇందులో ఎక్కడా కరెంటుతో పని లేదు, కానీ తప్పు చేస్తే రేపు ఎవరికో షాక్ కొడుతుంది. ఆ బాధ్యత అలవాటు కావాలి.

చూడాల్సినవి: ఎర్త్ వైరు మిగతా రెండిటికన్నా కాస్త పొడవుగా ఉంచాలి, కేబుల్ లాగినా అది చివర్న ఊడాలి. పోగులన్నీ మెలిపెట్టి స్క్రూ కింద పెట్టాలి, ఒక్క పోగు కూడా బయటికి రాకూడదు. ఇన్సులేషన్ స్క్రూ కింద నలగకూడదు. పోగులకి సోల్డరు పూయకూడదు, ఒత్తిడికి అది మెల్లగా నలిగి స్క్రూ లూజవుతుంది, వేడెక్కుతుంది. కేబుల్ క్లాంపు పై తొడుగుని పట్టుకోవాలి, లోపలి వైర్లని కాదు.

తర్వాత మీటరుతో చూడటం. ఇస్త్రీ పెట్టె దీనికి బాగుంటుంది:

- ఎర్త్ పిన్ను నుంచి ఇస్త్రీ పెట్టె అడుగు పలకకి 1 ఓము లోపు రావాలి. ముందు ప్రోబులు రెండూ తాకించి వచ్చే అంకె తీసేయాలి.
- ఫేజు–న్యూట్రల్ పిన్నుల మధ్య, వేడి డయల్ తిప్పి ఉంచి, 1000 వాట్ల పెట్టెకి సుమారు 53 ఓములు రావాలి. 230ని 230తో గుణించి 1000తో భాగిస్తే వచ్చేది అదే. సున్నా దగ్గరికి వస్తే షార్ట్, అసలేం రాకపోతే ఎక్కడో తెగింది.
- ఫేజు–ఎర్త్, న్యూట్రల్–ఎర్త్ మధ్య ఏమీ రాకూడదు. మీటరు కొద్ది వోల్టులతోనే చూస్తుంది కాబట్టి సన్నని లీకేజీని పట్టలేకపోవచ్చు. 500 వోల్టుల మెగ్గర్ (ఎక్కువ వోల్టేజితో ఇన్సులేషన్ కొలిచే పరికరం) అందుబాటులో ఉంటే దాంతో చూస్తే 1 మెగా ఓముకి పైన ఉండాలి.

ఫిలమెంటు బల్బుతో ఈ లెక్క వేయకండి. 100 వాట్ల బల్బుకి లెక్క ప్రకారం 529 ఓములు రావాలి, చల్లగా ఉన్నప్పుడు మీటరు దాదాపు 40 చూపిస్తుంది. కొత్తవాళ్లు షార్ట్ అయిందనుకుని కంగారు పడతారు.

7. మొదటిసారి కరెంటు ఇవ్వడం

మూత బిగించాకే. తెరిచిన పెట్టెకి కరెంటు ఇవ్వడం ఈ దశలో వద్దు.

మీరు ఒకసారి స్వయంగా పరిశీలించండి. సిరీస్ ల్యాంపు ద్వారా కలపండి. వస్తువుకి ఎవరూ చేతులు ఆనించకూడదు. "ఆన్ చేస్తున్నా" అని గట్టిగా చెప్పి, ముఖం పక్కకి పెట్టి, ఒక చేత్తో స్విచ్చు వేయాలి. ల్యాంపు పూర్తి వెలుగుతో వెలిగితే లోపల షార్ట్ ఉన్నట్టు (ఇస్త్రీ పెట్టె, హీటరు లాంటి పెద్ద లోడు అయితే మామూలుగానే బాగా వెలుగుతుంది, కాబట్టి ముందు వేసిన ఓముల లెక్కతో కలిపి చూడండి). చిన్న లోడుకి మసకగా వెలుగుతుంది. ఛార్జర్ల లాంటి వాటికి ఒకసారి మెరిసి ఆరుతుంది, లేదా మినుకు మినుకుమంటుంది.

సిరీస్ ల్యాంపు మీద ఒక మూఢనమ్మకం ఉంది: "సిరీస్‌లో ఉంది కదా, షాక్ కొట్టదు." కొడుతుంది. అది 0.43 ఆంపియర్ల దాకా వదులుతుంది, మనిషిని చంపడానికి అందులో పదో వంతు చాలు. అది కాపాడేది వస్తువునీ, ఫ్యూజునీ.

8. కరెంటు ఉండగా కొలవడం

నా సలహా, వీలైనంత కాలం వాయిదా వేయండి. చాలా లోపాలు కరెంటు లేకుండా, ఓములతోనే దొరుకుతాయి. తప్పదనుకుంటే ప్రోబులు చేత్తో పట్టుకునే పద్ధతి మానిపించండి. కరెంటు తీసి, ఏడు పనులూ చేసి, క్రొకడైల్ క్లిప్పులతో మీటరు తగిలించి, చేతులు వెనక్కి తీసుకుని, ఆన్ చేసి, రీడింగ్ చూసి, ఆఫ్ చేసి, మళ్లీ లేదని చూసి, అప్పుడు క్లిప్పులు తీయాలి. నిదానమే. ఆ నిదానం వల్ల ప్రోబు జారి రెండు పాయింట్లని కలిపేసే ప్రమాదం పోతుంది.

ఆసిలోస్కోపు ఉన్నవాళ్లకి ఒక మాట. దాని ప్రోబు గ్రౌండు క్లిప్పు చాలా స్కోపుల్లో నేరుగా ఎర్త్‌కి కలిసి ఉంటుంది. ఆ క్లిప్పుని మెయిన్స్ వైపు ఎక్కడ పెట్టినా షార్టే. స్కోపు ఎర్త్ పిన్ను విరగ్గొట్టి "సరిచేసే" పద్ధతి చూపించకండి. అప్పుడు స్కోపు ఒళ్లంతా లైవ్ అవుతుంది. డిఫరెన్షియల్ ప్రోబు (ఎర్త్‌తో సంబంధం లేకుండా రెండు పాయింట్ల మధ్య తేడా కొలిచేది) లేకపోతే ఆ కొలత మానేయండి.

9. ప్లగ్గు పీకినా కరెంటు ఉండేవి

ఎస్‌ఎంపీఎస్‌లో (ఛార్జర్లు, కంప్యూటర్లలో ఉండే పవర్ సప్లై) మెయిన్స్‌ని రెక్టిఫై చేశాక, అంటే డీసీగా మార్చాక, పెద్ద కెపాసిటరు మీద సుమారు 325 వోల్టుల డీసీ ఉంటుంది. ప్లగ్గు పీకాక కూడా కాసేపు నిలుస్తుంది, డిశ్చార్జి రెసిస్టరు పాడైతే చాలాసేపు నిలుస్తుంది. స్క్రూ డ్రైవరుతో షార్ట్ చేసి ఫట్‌మనిపించడం కొందరికి సరదా. అది కెపాసిటరునీ బోర్డునీ పాడు చేస్తుంది, కంట్లోకి లోహపు తునకలు ఎగరవచ్చు. 2.2 కిలో ఓములు, 10 వాట్ల వైర్‌వౌండ్ రెసిస్టరుకి ఇన్సులేటెడ్ క్లిప్పులు పెట్టి కొన్ని సెకన్లు ఆనించి, తర్వాత మీటరుతో డీసీ వోల్టులు చూడాలి. చూడటం మరవద్దు, క్లిప్పు సరిగ్గా తగలకపోయి ఉండవచ్చు.

నేర్పేవాళ్ల పొరపాట్లు

నేర్చుకునేవాళ్ల పొరపాట్లు పైన వచ్చేశాయి. మనవి కొన్ని ఉన్నాయి. తడి లేని వేలితో ఫేజు తాకి "చూశావా, నాకేం కాలేదు" అని చూపించేవాళ్లున్నారు. అలా చూసిన కుర్రాడు వారంలోపు తనూ ప్రయత్నిస్తాడు. చేతి వెనక భాగంతో తాకి చూడటం కూడా పరీక్ష కిందికి రాదు, అది షాక్ కొట్టించుకోవడానికి కాస్త మర్యాదైన పద్ధతి.

చావు కథలు చెప్పి భయపెట్టడం ఇంకోటి. భయంతో చేతులు వణికే మనిషి ప్రోబు జార్చేస్తాడు. అలాగే బోర్డు దగ్గర ఉన్నవాడి మీద అరవకండి. తప్పు కనిపిస్తే "ఆగు" అన్న ఒక్క మాటే వాడాలని ముందే అనుకోండి. ఆ మాట వినగానే చేతులు వెనక్కి రావాలి, కారణం తర్వాత మాట్లాడుకోవచ్చు. ఆ మాట నేర్చుకునేవాడు మీతో అన్నా మీరూ అంతే చేయాలి.

అలసిపోయినప్పుడు, రాత్రి పొద్దుపోయాక, "ఇంకొక్క స్క్రూనే కదా" అనిపించినప్పుడు ఆపేయండి.

వచ్చిందో లేదో ఎలా తెలుస్తుంది

ప్రశ్నపత్రం వద్దు, చేతులని చూడండి. పక్కనుంచి ఫోను మాట్లాడుతున్నట్టు నటించండి, మధ్యలో వేరే సంగతి అడగండి, తొందర పెట్టండి. అప్పుడు కూడా ఆరో పని చేస్తున్నాడా? టీకో నీళ్లకో లేచి వెళ్లి తిరిగొచ్చాక, ముందు చూసిందే కదా అనుకోకుండా మళ్లీ మొదటి నుంచి చూస్తున్నాడా? ఎంసీబీ ఆఫ్‌లో ఉందని మీరు చెప్పినా మీ మాట నమ్మకుండా మీటరు తీస్తున్నాడా? ఈ మూడోది జరిగినరోజు చిన్నబుచ్చుకోకండి, పని అయినట్టే.

అప్పుడప్పుడు "ఎలా తెలుసు?" అని మాత్రం అడుగుతూ ఉండండి. "ఆఫ్ చేశాను", "బల్బు ఆరిపోయింది", "మీరే చెప్పారు" అన్న జవాబులు వస్తే 12 వోల్టుల బోర్డుకి వెనక్కి వెళ్లాలి.

ఇవన్నీ వచ్చినా కొన్ని వస్తువులు కొత్తవాళ్ల చేతికి ఇవ్వకండి. మైక్రోవేవ్ ఓవెన్ లోపలి కెపాసిటరు 2000 వోల్టులకి పైన పనిచేస్తుంది, ప్లగ్గు పీకినా ప్రాణం తీయగలదు. పాత పిక్చర్ ట్యూబు టీవీలు, నీళ్లలో ఉండే మోటార్లు, గీజర్లు, మీటరు దగ్గరి మెయిన్ వైర్లు కూడా అంతే. వాటిని తెరిచేది ఆ పని చేతికి వచ్చిన మెకానిక్కే, పక్కన మరో మనిషి ఉన్నప్పుడే.